కాలవ లాకు, ఫోన్ లాక్, జుట్టు లాక్... అన్నీ ఒకటేనా?

లంకపిల్ల:
మావాడు ఆరో క్లాసు. ఇంగ్లీషు పాఠంలో 'ఎ లాక్ ఆఫ్ హెయిర్' అని వచ్చిందంట, జుట్టుకి తాళం ఎలా వేస్తారమ్మా అని రాత్రి నుంచీ ఒకటే గోల. తాతయ్యనడుగు అని తప్పించుకున్నా, ఆయనేమో లాకంటే కాలవ మీదుండేదిరా, లొల్ల లాకులు చూళ్లేదా అని ఇంకో మెలిక పెట్టారు. ఇవన్నీ ఒకే మాటేనా అండీ?

పాతసరంగు:
తాతగారన్నది కరెక్టేనండి ఆయ్. కాటన్ దొరగారు 1847లో మొదలెట్టి 1852కి ధవళేశ్వరం ఆనకట్ట పూర్తి చేశాక మన కాలవలు చేలకే కాదు పడవలకీ దారే. ఎగువ నీళ్లు ఎత్తులో, దిగువవి పల్లంలో, పడవ మెట్లెక్కలేదు కదా, అందుకని రెండు జతల తలుపుల మధ్యకి పడవని తెచ్చి కింద తలుపులు మూసి పైనుంచి నీళ్లు వదుల్తారు, తొట్టి నిండేకొద్దీ పడవ దానంతటదే లేస్తుంది. రెండు పక్కలా నీరు సమానమయ్యేదాకా పై తలుపులు లాగినా రావు, నీటి బరువే బిగించేస్తుంది.

ట్యూషన్‌మేష్టారు:
తలుపు లాక్, కాలవ లాకు ఒకటేనండి. పాత ఇంగ్లీషులో ఆ మాటకి గడియ అనీ, మూసి ఉంచిన చోటు అనీ అర్థాలు. జుట్టుది మాత్రం పుట్టుకలోనే వేరు, అప్పట్లో చివర ఒక 'సి' ఎక్కువుండేది, ఇప్పుడు స్పెల్లింగ్ కలిసిపోయి పిల్లల ప్రాణం తీస్తోంది. పాయ అని చెప్పండి చాలు. 'లాక్, స్టాక్ అండ్ బారెల్' వస్తే అది మళ్లీ తుపాకీ గొడవ: పేల్చే భాగం లాక్, చెక్క పిడి స్టాక్, గొట్టం బారెల్. మూడూ కలిస్తే తుపాకీ మొత్తం, మనం తట్టాబుట్టాతో సహా అన్నట్టు.

కొబ్బరిబోండం:
నాకు సరదాగా అనిపించేదేంటంటే ఒకే మాటని మనం రెండుసార్లు తెచ్చుకున్నాం. కాలవది లాకు, ఫోన్‌ది లాక్. ఫోన్ లాకులు పడ్డాయి అని ఎవడూ అనడు, లొల్ల లాక్ అన్నా ఎవడికీ ఎక్కదు. అయినా ఇంగ్లీషుని అనడమెందుకు, మా ఇంట్లో 'తాళాలేవే' అంటే చెవులు తెమ్మని, వేసేదీ తాళమే తీసేదీ తాళమే, పైగా భజనలో కొట్టేదీ తాళమే. తాళంకప్పలో కప్ప ఎందుకొచ్చిందని మీవాడు అడగలేదా ఇంకా?

లంకపిల్ల:
దయచేసి గుర్తు చెయ్యకండి 😀 పాయ అంటే ఒప్పుకున్నాడు గానీ, సరంగుగారి మెసేజ్ చదివి వినిపించడం నాదే తప్పు. ఆదివారం లొల్ల తీసుకెళ్లి పడవ లేవడం చూపించమంటున్నాడు, ధాన్యం పడవలు ఇప్పుడెక్కడివిరా అంటే వినడే.