రాయల్ ఓక్ ఉన్నాక ఓవర్‌సీస్ కూడా ఎందుకు?

సాగరతీరం: నా దగ్గర ఆడెమార్ పీగె కంపెనీ రాయల్ ఓక్ వాచీ ఉంది. మోడల్ 15500, స్టీలు, 41 మి.మీ., నీలం డయల్. ఇప్పుడు వాషెరాన్ కంపెనీ ఓవర్‌సీస్, మోడల్ 4500వీ, సెకండ్ హ్యాండ్‌లో దొరుకుతోంది. అదీ 41, అదీ స్టీలే, అదీ నీలమే. మా ఆవిడ రెండు ఫోటోలూ చూసి "ఒకే చీర రెండుసార్లు కొన్నట్టుంది" అంది. మీరేమంటారు?

ముల్లుతిరిగింది: నా ఓటు వదినగారికే. ఒకే తానులో ముక్కలు. వీటికి మూలమైన 1970ల నాటి స్టీలు వాచీలన్నీ డిజైనర్ జెరాల్డ్ జెంటా గీసినవేగా! ఆ డబ్బుకి తోలు పట్టీతో పల్చటి డ్రెస్ వాచీ తీసుకో అన్నా, పెట్టెలో వేరే మొహం కనబడుతుంది.

పాతగడియారం: అన్నీ కాదు గురూ. 1972 రాయల్ ఓక్, 1976 పటెక్ ఫిలిప్ నాటిలస్ జెంటావి. ఓవర్‌సీస్‌కి మూలపురుషుడు 1977 నాటి వాషెరాన్ 222 మోడల్. అది యోర్గ్ హైసెక్ గీసింది, జెంటా పేరు దానికి ఊరికే అంటగడుతుంటారు. నిజంగా ఒకే తాను లోపలుండేది: ఆ మూడింటి యంత్రాలకీ జెజెర్ లెకూల్ట్ర్ కంపెనీ 920 యంత్రమే ఆధారం. ఇప్పుడు అదీ లేదు. 15500లో 4302 యంత్రం, 4500వీలో 5100 యంత్రం, ఎవరిది వాళ్లదే.

ముల్లుతిరిగింది: లోపలిది ఎవడు చూస్తాడండీ? చేతిమీద కనిపించేది మొహమే.

డాలస్‌బాబాయ్: రెండూ వాడుతున్నవాణ్ణి, నన్నడగండి. రాయల్ ఓక్ అందమంతా ఆ ఎనిమిది పలకల బెజెల్ (అద్దం చుట్టూ ఉండే చట్రం) అంచుల్లో ఉంది. భయం కూడా అక్కడే. గీత పడిందని పాలిష్ చేయిస్తే ప్రతిసారీ అంచు కాస్త అరుగుతుంది. మనవరాలిని ఎత్తుకోవాలంటే తీసి పక్కన పెడతా. నీళ్లు తట్టుకోవడంలో దాని రేటింగు 50 మీటర్లు, ఓవర్‌సీస్‌ది 150. పైగా స్టీలు పట్టీతోపాటు రబ్బరుదీ తోలుదీ ఇస్తారు, పనిముట్లు లేకుండా చేత్తోనే మార్చుకోవచ్చు. మే నెలలో విజయవాడ పెళ్లికి రబ్బరుతో తిరిగా, ముహూర్తానికి తోలుది వేశా. ఒకే వాచీ అని ఎవరూ గుర్తుపట్టలేదు, హాయి!

డయళ్లంటారా, రాయల్ ఓక్‌ది గళ్ల చీర, ఓవర్‌సీస్‌ది సాదా పట్టు. మీ ఆవిడకి అలా చెప్పి చూడు. కాకపోతే రెండు నీలాలు మాత్రం వద్దు. 4500వీలో నలుపు ఉంది.

పాతగడియారం: అక్కడ మాత్రం ఒప్పుకోను బాబాయ్. ఎండలో ఆ నీలం లక్క పూత మెరుపే ఓవర్‌సీస్ ప్రాణం. నలుపు కొంటే ఏడాదిలో మళ్లీ నీలం వెతుక్కుంటాడు.

సాగరతీరం: రాయల్ ఓక్ అమ్మేసి ఇది ఒక్కటే ఉంచుకుంటే?

డాలస్‌బాబాయ్: ఆ పని చెయ్యకు. నేనొకసారి అలాగే ఒకటి అమ్మి, రెండేళ్లకి ఎక్కువ పెట్టి అదే మోడల్ మళ్లీ కొన్నా.

సాగరతీరం: సరే, అమ్మను. ఆదివారం చెరో చేతికీ పెట్టుకుని చూసి వస్తా, ఆవిడనీ తీసుకెళ్తా.

ముల్లుతిరిగింది: ఎలాగూ కొంటావుగా. బాక్సు, కాగితాలతోపాటు మూడు పట్టీలూ ఉన్నాయో లేదో చూసుకో అన్నా. తోలుది వాడి పారేసుంటే ధరలో తగ్గించమను.