బావమరిది పోయాడు. ఇన్సూరెన్స్ వాళ్లు 22 లక్షలంటున్నారు. రాజీ పడాలా, కేసు నడపాలా?

గంట్యాడ బావ:
పెద్దవాళ్లు, తెలిసినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి. మా ఆవిడ తమ్ముడు పోయిన ఆగస్టులో లంకెలపాలెం దాటాక హైవే మీద చనిపోయాడు. 34 ఏళ్లు. ఆటోనగర్‌లో ఒక షెడ్డులో వెల్డరు. రాత్రి పని దిగి బండి మీద ఇంటికి వెళ్తుంటే వెనక నుంచి టిప్పరు గుద్దేసింది. క్యారేజీ కూడా నొక్కుకుపోయింది, అది ఇప్పటికీ మా ఇంట్లోనే ఉంది, ఎవరూ పారెయ్యనివ్వట్లేదు.

భార్య, ఇద్దరు పిల్లలు, మా అత్తగారు. అక్టోబరులో క్లెయిం వేశాం. వచ్చే శనివారం లోక్ అదాలత్. కంపెనీ లాయరు 22 లక్షలకి ఒప్పుకుంటే తొందర్లోనే డబ్బు పడుతుందంటున్నాడు. వాడి భార్య (నాకు చెల్లెలి వరస) తీసేసుకుందాం అన్నయ్యా అంటోంది. అత్తగారు ససేమిరా అంటున్నారు. "నా కొడుకుని కాటాలో పెట్టి తూస్తారా" అని ఒకటే ఏడుపు. లోక్ అదాలత్‌లో సంతకం పెడితే మళ్లీ అప్పీలు ఉండదట కదా, అందుకే భయం. మీరైతే ఏం చేస్తారు?

ఆటోనగర్ ఫిట్టరు:
తీసుకోకు బావా. 22 ఏటి? ఇదే విశాఖలో 2020 మే 7న ఎల్జీ పాలిమర్స్ గ్యాసుకి 12 మంది పోతే ఇంటికి కోటి ఇచ్చారు. అదే ఏడాది ఆగస్టు 1న షిప్‌యార్డులో క్రేను కూలి 11 మంది పోతే 50 లక్షలు. 2024 ఆగస్టు 21న అచ్యుతాపురం ఫార్మా ప్లాంటులో 17 మంది పోయారు, మళ్లీ కోటి. మనోడు హైవే మీద ఒక్కడే పోయాడు, అదే వాడు చేసిన తప్పు. పదిమందితో కలిసి పోయుంటే మంత్రులే చెక్కు పట్టుకుని వచ్చేవోరు.

పాత పాలసీ:
ఫిట్టరు గారి బాధ అర్థమైంది గానీ, ఆ లెక్క ఇక్కడ పనికిరాదు. ప్రభుత్వం ప్రకటించినది ఎక్స్‌గ్రేషియా, అంటే దయతలచి ఇచ్చే సాయం. జనం రోడ్డెక్కారు కాబట్టి వచ్చింది. ట్రిబ్యునల్ (యాక్సిడెంటు పరిహారం తేల్చే కోర్టు) ముందు "వాళ్లకి కోటి ఇచ్చారు" అంటే జడ్జిగారు పేపరు కూడా ఎత్తి చూడరు. అక్కడ అడిగేవి మూడే: వయసెంత, సంపాదన ఎంత, తినేవాళ్లు ఎంతమంది.

నేను క్లెయిమ్స్‌లో 28 ఏళ్లు చేసి దిగాను, అవతలి బల్ల దగ్గర కూర్చున్నవాణ్ని. కాబట్టి వాళ్ల లెక్క చెప్తాను. మీ వాడికి జీతం స్లిప్పు ఉండి ఉండదు. లేకపోతే నెలకి 12,000 అని పట్టుకుంటారు. 40 ఏళ్లలోపు కాబట్టి ముందు ముందు పెరిగేదానికి 40 శాతం కలిపితే 16,800. నలుగురు ఆధారపడ్డారు కాబట్టి సొంత ఖర్చు కింద నాలుగో వంతు తీసేస్తే 12,600. ఏడాదికి 1,51,200. ఎన్నేళ్ల సంపాదన కింద లెక్క కట్టాలో వయసుని బట్టి ఒక గుణకం ఉంటుంది, 34 ఏళ్లకి అది 16. మొత్తం 24,19,200. దానిపైన అంత్యక్రియలు, సాహచర్య నష్టం (ఇంటివాళ్లకి తోడు పోయినందుకు) కింద ఇంకో రెండు లక్షల చిల్లర. 26 దాటుతుంది. 22 అంటున్నారంటే నాలుగు తగ్గించి తొందరగా ఇస్తామంటున్నారన్నమాట. ఈ రోజుల్లో అది తీసిపారేసే బేరం కాదు.

హెల్మెట్ పెట్టుకున్నాడా? లేకపోతే అదొకటి అడ్డం పెడతారు.

గంట్యాడ బావ:
పెట్టుకున్నాడు. పగిలిపోయింది. సీను పంచనామాలో రాశారు.

నల్లకోటు:
హెల్మెట్ లేకపోయినంత మాత్రాన వెనక నుంచి గుద్దిన టిప్పరు తప్పు మాఫీ అయిపోదు, పాత పాలసీ గారికీ తెలుసు. పెట్టుకున్నాడు కాబట్టి ఆ గొడవే లేదు.

అసలు ఎక్కడ తెగుతుందో చూడండి. గుణకాలు, నాలుగో వంతు కోత 2009లో సర్లా వర్మ కేసులో సుప్రీంకోర్టు ఖాయం చేసినవి. 40 శాతం కలపడం, సాహచర్య నష్టం మొత్తాలు 2017లో ప్రణయ్ సేఠి కేసులో వచ్చాయి. ఆ మొత్తాలు మూడేళ్లకోసారి పది శాతం పెరగాలని కూడా అప్పుడే చెప్పారు. వీటిల్లో కంపెనీ లాయరు గానీ నేను గానీ మార్చగలిగేది ఏమీ లేదు. మారేది ఒక్కటే, నెల సంపాదన. అదే 20,000 అని నిరూపిస్తే? 28,000, కోత పోగా 21,000, ఏడాదికి 2,52,000, పదహారు పెడితే 40,32,000. పైన చెప్పిన రెండు లక్షల చిల్లర అదనం. అంటే మీ ముందున్న తగువు 22కీ 26కీ మధ్య కాదు. 22కీ 42కీ మధ్య.

వాడికి నిజంగా ఎంత వచ్చేది? చేతికిచ్చేవారా, ఫోన్‌పే చేసేవారా?

శ్రీహరిపురం శీను:
తప్పెవరిదని చూడకుండా 5 లక్షలు ముందే ఇస్తారట కదా? ముందు అది తీసుకుని తరవాత మిగతాది కొట్లాడొచ్చేమో.

నల్లకోటు:
ఆ పని మాత్రం చెయ్యకండి. మోటారు వాహనాల చట్టం 164 సెక్షన్ కింద ఆ 5 లక్షలు తీసుకుంటే ట్రిబ్యునల్‌లో వేసిన పిటిషన్ రద్దయిపోతుంది. 2019 సవరణలో పెట్టిన మెలిక అది. మార్చురీ గేటు దగ్గర తిరిగే బ్రోకర్లు ఇది చెప్పరు.

మర్రిపాలెం ఆవిడ:
మీరందరూ లెక్కలు బాగా చెప్తున్నారు. నేను ఆ కుర్చీలో కూర్చుని వచ్చినదాన్ని.

మా ఆయన 2017లో పోయారు. 11 లక్షలకి రాజీ అన్నారు, మా మామగారు వద్దన్నారు, నేనూ వద్దన్నాను. ఆరేళ్లు పట్టింది. ట్రిబ్యునల్ 19 ఇచ్చింది, కంపెనీ హైకోర్టుకెళ్లింది. చివరికి వడ్డీతో 27 దాకా వచ్చాయి. చూసేవాళ్లకి 11 ఎక్కడ, 27 ఎక్కడ అనిపిస్తుంది. మధ్యలో ఏం జరిగిందో చెప్పనా? నల్లపూసలు తప్ప బంగారమంతా కుదువలోకి వెళ్లింది. మూడు రూపాయల వడ్డీకి తెచ్చి పెద్దవాడి ఫీజు కట్టాను. మా లాయరు గారు నాలుగో వంతు పట్టుకున్నారు.

డబ్బు సంగతి అలా ఉంచండి. క్రాస్ ఎగ్జామినేషన్‌లో అవతలి లాయరు నన్ను అడిగాడు, "మీ ఆయన నెలకి మీ చేతికి ఎంత ఇచ్చేవారమ్మా? తాగేవారా?" అని. ఇంకో వాయిదాకి, మళ్లీ పెళ్లి చేసుకునే ఉద్దేశం ఉందా అని. మా మామగారు వెనక బెంచీలో కూర్చుని ఉన్నారు. ఆ రోజు బస్సులో ఇంటికొచ్చేదాకా మామగారూ నేనూ ఒకరి మొహం ఒకరం చూసుకోలేదు.

కాబట్టి బాబూ, మీ చెల్లెలు తీసేసుకుందాం అంటోందంటే చేతకాక అంటోందనుకోకండి.

ఆటోనగర్ ఫిట్టరు:
అక్కా, నీ మాటకి ఎదురు సెప్పలేను. కానీ అందరం ఇలగ అలిసిపోయి సంతకం పెడతామనే కదా ఆళ్లు 22 దగ్గర మొదలెడతారు.

పాత పాలసీ:
నిజం చెప్పాలంటే ఫిట్టరు గారు కరెక్టే. మా ఆఫీసులో లోక్ అదాలత్ ముందు ఫైళ్లు తీసి చూసేవాళ్లం. భర్త పోయిన ఆడవాళ్లు, చిన్నపిల్లలు ఉన్న ఫైళ్లు పైన పెట్టేవాళ్లం. అవసరం ఎక్కువ కాబట్టి తెగుతాయని. నేను గర్వంగా చెప్పట్లేదు. కానీ ఆ 22 మొదటి మాట, ఆఖరి మాట కాదు. శనివారం 30 అనండి, ఏమంటారో చూడండి. రాజీకి రాకపోతే కేసు మళ్లీ ట్రిబ్యునల్‌కే వెళ్తుంది, మీకు పోయేదేమీ లేదు.

నల్లకోటు:
మర్రిపాలెం ఆవిడ గారికి ఒక మాట. వచ్చిన సొమ్ములో వాటా ఫీజుగా మాట్లాడుకోవడం బార్ కౌన్సిల్ నియమాలకి విరుద్ధం. అందరూ చేస్తారు, అది వేరే సంగతి. ఆడవాళ్లకైతే ఆదాయంతో పని లేకుండా జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా లాయర్ని ఇస్తుంది. గంట్యాడ బావ గారూ, మీ చెల్లెలికి ఈ సంగతి చెప్పండి.

ఇంకోటి. అత్తగారి భయం ఇంకేదైనా ఉందా? కొడుకు ప్రాణం ఖరీదు అన్నమాట వెనక సాధారణంగా ఇంకో మాట ఉంటుంది.

గంట్యాడ బావ:
ఉందండీ. మీరు అడిగారు కాబట్టి చెప్తున్నా. కోడలికి 29 ఏళ్లు. డబ్బు చేతికొచ్చాక పిల్లల్ని తీసుకుని పుట్టింటికి పోతుందేమో, ముసలిదాన్ని నన్నెవరు చూస్తారని. పైకి అనరు. మా ఆవిడతో ఒక రాత్రి అన్నారట.

నల్లకోటు:
అయితే ఆవిడకి ఇలా చెప్పండి. ఆవిడ కూడా పిటిషనరే. అవార్డులో, అంటే ట్రిబ్యునల్ తీర్పులో, ఎవరి వాటా ఎంతో విడిగా రాస్తారు, ఆవిడ వాటా ఆవిడ ఖాతాలోనే పడుతుంది. పిల్లల వాటా వాళ్లకి 18 నిండేదాకా బ్యాంకులో డిపాజిట్. కోర్టు ఒప్పుకోకుండా కోడలు తలుచుకున్నా ముట్టుకోలేదు. లోక్ అదాలత్‌లో రాజీపడినా సరే, సంతకానికి ముందే ఈ వాటాలు విడివిడిగా రాయించండి. మొత్తం ఒకే అంకె వేసి సంతకం తీసుకుంటే తరవాత ఇంట్లోనే రెండో కేసు మొదలవుతుంది.

మర్రిపాలెం ఆవిడ:
ఆ పెద్దావిడ భయం నిజమైనదే. మా మామగారికీ ఉండేది. అడిగితే బాగుండేది, నేను అడగలేదు.

శ్రీహరిపురం శీను:
టిప్పరు డ్రైవరు మీద కేసు కొట్టేస్తే ఇదీ పోతుందా? మా వీధిలో ఒకాయన అలాగే అన్నారు.

నల్లకోటు:
పోదు. క్రిమినల్ కోర్టులో సందేహానికి తావు లేకుండా రుజువు కావాలి, ఇక్కడ ఏది ఎక్కువ నమ్మేలా ఉందో చూస్తారు. రెండూ వేరు. బావ గారూ, సంపాదన సంగతి చెప్పలేదు మీరు.

గంట్యాడ బావ:
రెండు రోజులు ఆలస్యమైంది, క్షమించండి. మావాడి ఫోను పోలీస్ స్టేషన్లో ఉంది. నిన్న చెల్లెమ్మా నేనూ బ్యాంకుకెళ్లి ఏడాది స్టేట్‌మెంట్ తీశాం. ప్రతి శనివారం సాయంత్రం ఓనరు నెంబరు నుంచి ఫోన్‌పే. 4,800, 5,100, 5,000. దసరా వారం 7,000. చెల్లెమ్మ వేలు పెట్టి ఒక్కో లైనూ చదువుకుంటూ, "ఇది పాపకి జ్వరం వచ్చిన వారం, అందుకే తక్కువ" అంటోంది. క్లర్కు పాపం ఏమీ అనలేదు, వెనక క్యూ ఉన్నా.

నెలకి 20, 21 వేలు లెక్క తేలుతోంది.

నల్లకోటు:
మీ కేసు బలమంతా ఆ కాగితంలోనే ఉంది. బ్యాంకు మేనేజరు సంతకం, ముద్ర ఉండాలి. ఇక ఓనరు వచ్చి, అది కూలి డబ్బేనని ఒక్క మాట చెప్తే చాలు.

గంట్యాడ బావ:
అక్కడే వచ్చింది చిక్కు. పొద్దున్న షెడ్డుకెళ్లాను. టీ ఇచ్చాడు, కుర్చీ వేశాడు. సాక్ష్యం అనగానే మొహం మారిపోయింది. "కోర్టులో ఇరవై వేలు జీతం ఇచ్చానంటే రేపు పీఎఫ్ వాళ్లు, ఈఎస్ఐ వాళ్లు వచ్చి నా నెత్తిన కూర్చుంటారు, నా దగ్గర ఎవరికీ కట్టలేదు బాబూ" అన్నాడు. మావాడు వెల్డింగ్ చేసిన గేటు ఇంకా అక్కడే గోడకి ఆనించి ఉంది, డెలివరీ ఇవ్వాల్సినది.

పాత పాలసీ:
ఓనర్ని మీ తరఫు లాయరు సమన్లు వేయించి రప్పించవచ్చు. కానీ బలవంతాన వచ్చిన సాక్షి అడ్డంగా చెప్పినా చెప్తాడు, అప్పులిచ్చాను అంటాడు. ఆ స్టేట్‌మెంట్ చూపించి శనివారం 34 అడగండి. 30కి తక్కువైతే లేచి వచ్చేయండి. మొదట 22 తీసుకోమన్నట్టు మాట్లాడాను, ఆ మాట వెనక్కి తీసుకుంటున్నా.

మర్రిపాలెం ఆవిడ:
లేచి రావాలా, కూర్చోవాలా అనేది చెల్లెల్ని, అత్తగార్ని ఇద్దర్నీ అడిగి. ఇద్దర్నీ పక్కపక్కన కూర్చోబెట్టి.

గంట్యాడ బావ:
అలాగేనమ్మా. రేపు రాత్రి మా ఇంటికి భోజనానికి రమ్మన్నాను ఇద్దర్నీ. ఓనరు సంగతే అర్థం కావట్లేదు.

ఆటోనగర్ ఫిట్టరు:
బావా, ఏ బ్లాకు షెడ్డు? పేరిక్కడ రాయకు. ఓనర్ని వొదిలేయ్. మనోడితో పాటు శనివారం సాయంత్రం ఫోను చూసుకుని కూలి లెక్కెట్టుకున్నోళ్లు ఉంటారు కదా, ఆళ్లకి కూడా అదే నెంబరు నుంచి పడుంటాది. ఆ లైన్లో ఇద్దరు నాకు తెలిసినోళ్లున్నారు, ఇప్పుడు వేరే చోట చేస్తున్నారు, ఓనరు భయం లేదు. మధ్యాన్నం రెండింటికి ఆటోనగర్ మెయిన్ గేటు దగ్గరికి రా, తీసుకెళ్తాను.