కార్గిల్‌లో పనిచేసిన మాజీ సైనికుడికి అంతుచిక్కని నొప్పులు, అలసట: ఏ చికిత్స పనిచేస్తుంది?

మా నాన్నగారు 1999 కార్గిల్ యుద్ధ సమయంలో ద్రాస్ ప్రాంతంలో పనిచేశారు. ఇప్పుడు అమలాపురం దగ్గర సొంత ఊళ్లోనే ఉంటున్నారు. పదవీ విరమణకు ముందే మొదలైన ఒళ్లునొప్పులు, ఎంత నిద్రపోయినా తీరని అలసట, మతిమరుపు ఏటేటా ముదురుతున్నాయి. కొబ్బరితోటలో కాయలు దింపించి వచ్చిన రోజు బాగానే ఉంటారు గానీ, మర్నాటి నుంచి రెండు రోజులు మంచం దిగలేరు. మాత్ర వేసుకున్నదీ లేనిదీ గుర్తులేక ఖాళీ అట్ట మీద గుంటలు లెక్కపెట్టుకుంటారు.

థైరాయిడ్, షుగర్, బీ12, డీ విటమిన్, కీళ్లవాతం పరీక్షలన్నీ మామూలుగానే వచ్చాయి. నొప్పి మాత్రలు కడుపులో మంట తప్ప ఏమీ మిగల్చలేదు. నరాల నొప్పికి ఇచ్చే ప్రీగాబాలిన్ మందుతో నొప్పి కొంత తగ్గినా పగలంతా మగత కమ్మడంతో డాక్టరుగారే ఆపించారు. తైలమర్దనం సుఖం ఆ పూటకే. రిపోర్టులు బాగున్నాయి, వయసు ప్రభావం అన్న మాట మాత్రం ప్రతిచోటా విన్నాం.

1991 గల్ఫ్ యుద్ధానికి వెళ్లివచ్చిన అమెరికా సైనికులలో చాలామందికి ఇలాంటి లక్షణాలే కనిపించాయని చదివాను. అక్కడ కారణాలుగా అనుమానించిన పురుగుమందులు, విషవాయువుల నుంచి రక్షణకని ఇచ్చిన పిరిడోస్టిగ్మిన్ మాత్రలు నాన్నగారి విషయంలో లేవు కాబట్టి ఇది ఆ జబ్బేనని అనను. అయితే వారికి క్రమబద్ధమైన వ్యాయామం, ప్రవర్తనా చికిత్స (ఆలోచనలను, అలవాట్లను మార్చుకునేలా మాటల ద్వారా చేసేది) కొంతమేర ఉపకరించాయట. మేము వ్యాయామం మొదలుపెట్టినప్పుడల్లా మళ్లీ ఆ రెండు రోజుల మంచమే మిగిలింది.

శ్రమపడిన మర్నాడు ఇలా కుప్పకూలే మాజీ సైనికులకు, మీ ఇంట్లో గానీ మీ వైద్య అనుభవంలో గానీ, ఏ విభాగం వైద్యులు చేసిన ఏ చికిత్స నిలకడగా ఉపశమనమిచ్చింది?