స్కీమా సెంట్రల్ సర్వర్‌లోనా, ఎవరి మెషీన్‌లో వాళ్లకా?

రుషికొండ_రాతగాడు:
మా ఆఫీసు రుషికొండ ఐటీ హిల్స్ మీద. ఫ్యాక్టరీ పంపులకి మాన్యువల్స్ డిటాలో (ట్యాగులతో రాసే ఎక్స్ఎంఎల్ పద్ధతి) రాస్తాం. కొందరం ఇక్కడ, కొందరు పుణెలో, ఇద్దరు శ్రీకాకుళంలో ఇంటి నుంచి. ఏ ట్యాగ్ ఎక్కడ రావొచ్చో చెప్పే రూల్స్ ఫైల్, అదే స్కీమా, మాత్రం బెంగళూరు టీమ్ చేతిలో ఉంది. వచ్చే నెల నుంచి ఎవరి దగ్గరా కాపీ ఉండకూడదట, ఎడిటర్ తెరిస్తే సర్వర్ నుంచే లోడ్ కావాలట. మీ దగ్గర ఎలా నడుస్తోంది?

క్యాటలాగ్_మావయ్య:
ఇందులో కొట్టుకోవడానికి ఏమీ లేదు. ఫైల్ పైన డాక్‌టైప్‌లో (ఏ స్కీమా వాడాలో చెప్పే లైను) సీ డ్రైవ్ పాత్ రాయకండి, పబ్లిక్ ఐడీ (స్కీమాకి పెట్టిన పేరు) రాయండి. ఆ పేరు ఏ ఫైల్‌దో క్యాటలాగ్ (ఏ పేరుకి ఏ ఫైలో రాసి ఉన్న పట్టిక) చూసి ఎడిటర్ తెలుసుకుంటుంది. ఒయాసిస్ అనే ప్రమాణాల సంస్థ క్యాటలాగ్ స్టాండర్డ్ 1.1 వచ్చింది 2005లో, ఇంకా మనవాళ్లు పాత్‌లు టైప్ చేస్తున్నారు! అలాగని ప్రతి వాలిడేషన్‌కీ (ఫైల్ స్కీమా ప్రకారం ఉందో లేదో చూడటం) సర్వర్‌కి పరిగెత్తడమూ తప్పే. వెబ్ ప్రమాణాలు చూసే డబ్ల్యూ త్రీ సీ సైట్‌కి కేవలం డీటీడీల (ఒక రకం స్కీమాలు) కోసం రోజుకి 13 కోట్ల దాకా రిక్వెస్టులు వస్తున్నాయని 2008లో వాళ్లే మొత్తుకున్నారు. మూలప్రతి సెంట్రల్‌గా ఒక్కటే ఉండాలి, దాని కాపీ అందరి మెషీన్లలోకీ తనంతట తనే దిగాలి. ఆక్సిజన్ ఎడిటర్‌లో అయితే యాడ్-ఆన్‌గా ఇవ్వొచ్చు, కొత్త వెర్షన్ ఉంటే అదే చెప్తుంది.

గాజువాక_గట్టోడు:
బాగానే ఉంది. నెట్ పోతే? 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చాక వైజాగ్‌లో రోజుల తరబడి కరెంటు లేదు, ఫోన్లు లేవు. సర్వర్ బెంగళూరులో పెట్టుకుంటే ఇక్కడ మేం ఏం చెయ్యాలి?

క్యాటలాగ్_మావయ్య:
కాపీ మెషీన్‌లోనే ఉంటుందని పైన రాశాను కదండీ.

గాజువాక_గట్టోడు:
అప్‌డేట్ వచ్చేది నెట్ మీదే కదా.

ఎంవీపీ_మౌనం:
కరెంటే లేనప్పుడు స్కీమా ఉండి ఏం రాస్తావు అన్నా.

డీటీడీ_కాపలా:
నేను హైదరాబాద్‌లో స్కీమాలు చూసుకునే మనిషిని. కాపీ ఇవ్వొద్దనే అంటాను. పాత కంపెనీలో ఒకాయన తన మెషీన్‌లో డీటీడీ తెరిచి, తనకి కావలసిన యాట్రిబ్యూట్ (ట్యాగ్‌కి తగిలించే వివరం) చేర్చేసుకున్నాడు. ఆయన దగ్గర అంతా పచ్చగానే ఉంది, ఒక్క తప్పూ చూపించలేదు. రిలీజ్ రోజు బిల్డ్ సర్వర్‌లో (అందరి ఫైళ్లూ కలిపి మాన్యువల్ తయారుచేసేది) ఫైళ్లన్నీ ఎర్రబడ్డాయి. ఆలస్యానికి కారణం అడుగుతూ మెయిల్ మాత్రం నా పేరు మీద వచ్చింది. రాసేవాళ్ల చేతికి స్కీమా ఇస్తే ఇదే జరుగుతుంది.

క్యాటలాగ్_మావయ్య:
దానికి కాపీ ఆపక్కర్లేదు. గిట్‌లోకి (అందరి ఫైళ్లూ దాచే చోటు) పుష్ చెయ్యగానే సెంట్రల్ స్కీమాతో వాలిడేట్ చేసి, తప్పుంటే అక్కడే వెనక్కి కొట్టండి.

ద్వారకానగర్_దివిటీ:
కాపలా గారూ, మీ కథ విన్నాం, మాదీ వినండి. నేను ఇదివరకు పనిచేసిన చోట సెంట్రల్ టీమ్ ఒక యాట్రిబ్యూట్‌ని తప్పనిసరి చేసేసింది. ఐచ్ఛికంగా చేరిస్తే పాత ఫైళ్లకి ఏమీ కాదు. తప్పనిసరి చేస్తే అది లేని ప్రతి టాపిక్ (డిటాలో ఒక్కో ఫైల్) చెల్లకుండా పోతుంది. ఇది తెలియనివాళ్లా స్కీమా చూసుకునేది? మేం రాత్రంతా కూర్చుని ఫైళ్లు సరిచేశాం. వాళ్ల నుంచి ఒక్క ముక్క లేదు.

డీటీడీ_కాపలా:
వెర్షన్ నోట్ చదివి ఉంటే ఆ టెన్షన్ ఉండేది కాదేమో.

ద్వారకానగర్_దివిటీ:
ఆ నోట్ పంపితే కదా చదవడానికి!

గాజువాక_గట్టోడు:
పంపినా నెట్ ఉండాలి.

డీటీడీ_కాపలా:
ఏ మార్పు చేసినా మీరు గోలే పెడతారు. మీకు కావలసింది స్కీమా కాదండీ, వర్డ్. బోల్డ్ కొట్టుకుని హాయిగా రాసుకోండి.

ద్వారకానగర్_దివిటీ:
బోల్డే కొడుతున్నాం, మీలాంటివాళ్ల పుణ్యాన! డిటాలో స్టెప్ లోపల కమాండ్‌కి (ఏం చెయ్యాలో చెప్పే వాక్యం) ముందు నోట్ ట్యాగ్ పెట్టొచ్చు. వాల్వ్ తిప్పకముందే 'ప్రెషర్ తీసెయ్' అని చెప్పాలి కదా. మా సెంట్రల్ టీమ్ కన్‌స్ట్రెయింట్ (స్కీమాని ఇంకా బిగించే రూల్) పెట్టి ఆ నోట్‌ని తీసేసింది. టికెట్ వేశాం (మార్చమని రాసి అడిగాం), జవాబు లేదు. ఇప్పుడు అందరం హెచ్చరికని కమాండ్‌లోనే ఇరికించి బోల్డ్ చేస్తున్నాం. ఫైల్ వాలిడే, మీ సర్వర్ కూడా పచ్చగానే ఉంటుంది. వాటికి విడి ట్యాగ్ లేదు కాబట్టి, రేపు హెచ్చరికలన్నీ ఏరి ఇవ్వమంటే ఒక్కటీ దొరకదు. స్కీమా ఎక్కడ ఉందన్నది కాదండీ నా గొడవ. అందులో ఏం ఉండాలో రాసేవాళ్లని ఎవరూ అడగరు.

రుషికొండ_రాతగాడు:
మా దగ్గర కూడా అచ్చం ఇదే. కాపీ తీసేస్తామంటే అందరికీ మండింది అందుకే. ఆ కాపీలో మావాళ్లు ఆ నోట్‌ని చేర్చుకుని వాడుతున్నారు.

డీటీడీ_కాపలా:
చూశారా, నేను చెప్పింది అదే!
సరే, మా వైపు కూడా చూడండి. ఎలిమెంట్ (ట్యాగ్) ఒకటి కొత్తగా ఒప్పుకుంటే పీడీఎఫ్ స్టైల్‌షీట్ (పేజీ ఎలా కనిపించాలో చెప్పే ఫైల్) మారాలి, వెబ్ అవుట్‌పుట్ మారాలి, అనువాదాలకి పంపేవాళ్లకి చెప్పాలి. మా దగ్గర ఇవన్నీ చేసేది నేనొక్కడినే. పుణె ఒకటి అడుగుతుంది, వైజాగ్ ఇంకొకటి. అందరికీ సరే అంటే కన్‌స్ట్రెయింట్ ఎందుకు?

ద్వారకానగర్_దివిటీ:
సరే అనమని ఎవరన్నారు? కుదరదు అనండి, ఎందుకో చెప్పండి. మౌనంగా ఉంటేనే జనం కాపీలో చెయ్యి పెట్టేది.

ఎంవీపీ_మౌనం:
నా పేరు లాగుతున్నారేంటి మధ్యలో.

డీటీడీ_కాపలా:
ఫోన్‌లో అడిగితే నేను పట్టించుకోను. ఒక శాంపిల్ టాపిక్, ఎందుకు కావాలో రెండు లైన్లు రాసి పంపితే చూస్తాను.

ద్వారకానగర్_దివిటీ:
మా టికెట్‌లో అవన్నీ ఉన్నాయి. ఎన్ని రోజుల్లో జవాబిస్తారో అది చెప్పండి.

డీటీడీ_కాపలా:
తేదీ రాసిస్తే మావాళ్లు దాన్నే పట్టుకుని కూర్చుంటారు.

ద్వారకానగర్_దివిటీ:
పట్టుకుని కూర్చోవడానికే అడుగుతున్నానండీ.