హాస్టల్ ఆడపిల్లలకి చదివి వినిపించడానికి ఆత్మకథలు చెప్పండి

కేజీబీవీ_తెలుగుటీచర్:
నేను ఒక కస్తూర్బా గాంధీ బాలికా విద్యాలయంలో తెలుగు చెప్తాను. నైట్ డ్యూటీ ఉన్న రోజుల్లో స్టడీ అవర్ అయ్యాక, లైట్లు తీసేలోగా కాసేపు ఏదో ఒకటి పిల్లలకి చదివి వినిపిస్తుంటాను. ఎనిమిది, తొమ్మిది తరగతుల వాళ్లు. కొందరికి అమ్మానాన్నా లేరు, కొందరి ఇళ్లవాళ్లు మిరపకాయలు కోయడానికి వలస పోతారు. సెలవులకి ఇంటికెళ్లి మళ్లీ రాని పిల్ల ప్రతి ఏడూ ఉంటుంది. ఎందుకు రాలేదో ఒకరు చెప్పక్కర్లేదు.

వీళ్ల వయసులో కష్టాలు పడ్డ ఆడవాళ్లు తామే రాసుకున్న జీవితాలు కావాలి. ‘పట్టుదలతో చదివి పెద్ద ఉద్యోగం తెచ్చుకుంది’ రకం వద్దు. అది మొదలెట్టగానే వెనక వరసలో దుప్పట్లు మొహాల మీదికి వచ్చేస్తాయి. యాన్ ఫ్రాంక్ డైరీ అయిపోయింది. వాళ్లమ్మతో ఆ పిల్ల పడే పేచీలు మావాళ్లకి తెగ నచ్చాయి. చిన్నతనాన్ని రెండు పేజీల్లో దాటేసే పుస్తకాలూ వద్దండీ.

సూర్యాపేట_పాఠకుడు:
మల్లు స్వరాజ్యం గారి ‘నా మాటే తుపాకీ తూటా’ చూడండి మేడం. ఆమె మా దిక్కే. ఎదురుగా కూర్చొని మాట్లాడినట్టే ఉంటది, పైకి చదవడానికి తేలిక. కాకపోతే ఆమె పుట్టింది భూస్వాముల ఇంట్లో, తిండికి కరువు లేదు. తన చుట్టూ ఉన్నోళ్ల ఆకలి చూసి మారిన పిల్ల కథ అది. మీరడిగింది వేరే అనుకుంటే పక్కన పెట్టండి.

రిటైర్డ్_మేట్రన్:
నా ఉద్యోగమంతా ఆడపిల్లల హాస్టళ్లలోనే గడిచిందమ్మా, అందుకని కాస్త పొడుగ్గా రాస్తున్నాను. ఏడుపు ఘట్టాలు పిల్లలకి కొత్తేం కాదు. వాళ్లు అడిగేవి వేరే ఉంటాయి: పుస్తకం ఎక్కడ దాచింది, ఫీజు ఎవరు కట్టారు, చంటిబిడ్డని ఎవరు చూశారు. వాటికి జవాబు దొరికే పేజీలు ఏరుకుని చదవండి. పుస్తకం మొదటినుంచి చివరిదాకా చదవాలన్న నియమం ఏమీ లేదు.

నేనైతే రాససుందరీ దేవితో మొదలెడతాను. బెంగాలీలో మొదటి ఆత్మకథగా చెప్పుకునే ‘ఆమార్ జీబన్’ ఆవిడదే. పన్నెండో ఏట పెళ్లి, పెద్ద సంసారం, వరసగా కాన్పులు. ఆడది అక్షరం ముట్టుకుంటే అరిష్టమనే రోజులు. ఆవిడకి చైతన్య భాగవతం చదవాలని కోరిక. ఒకరోజు భర్త ఆ గ్రంథం వంటింట్లో పెట్టి, అడిగినప్పుడు తెచ్చివ్వమని కొడుక్కి చెప్పి వెళ్లాడు. ఆవిడ అందులోంచి ఒక్క ఆకు తీసి దాచేసుకుంది. పెద్దకొడుకు అక్షరాలు దిద్దిన తాటాకు ఒకటి కాజేసింది. పుట్టింట్లో మగపిల్లల బడి దగ్గర ఓ మూల కూర్చుని విన్న అక్షరాలు ఎక్కడో గుర్తున్నాయి. ఈ మూడూ కలిపి చూసుకుంటూ చదువు నేర్చింది. కుడిచేత్తో గరిటె తిప్పుతూ, ఎడంచేతిలో ఆకు పట్టుకుని, ముసుగులోంచి చూసేదిట. అప్పటికి పాతికేళ్లు దాటాయి. రాయడం మాత్రం చాలా ఏళ్ల తర్వాతే వచ్చింది, అదీ ‘నా ఉత్తరాలకి జవాబు రాయవేం’ అని ఓ కొడుకు నిలదీసి కాగితం, కలం తెచ్చిపెట్టాక. వంటింటి వంతు పడే పిల్లలకి ఈ భాగం మరొకరు విడమరచక్కర్లేదు.

రెండోది బామా ‘కరుక్కు’. తమిళంలో 1992లో వచ్చింది. మూడో తరగతి చదివే దళిత పిల్ల బడి నుంచి వస్తుంటే వాళ్ల వీధి పెద్దమనిషి ఒకాయన వడల పొట్లాన్ని దారం కొస పట్టుకుని, ఒంటికి తగలకుండా ఒక భూస్వామి కోసం మోసుకొస్తూ కనిపిస్తాడు. ఈ పిల్లకి నవ్వాగదు. ఇంటికెళ్లి అన్నకి చెబితే అతను నవ్వడు. మనం ముట్టుకుంటే ఆ భూస్వామి తినడని, అందుకే అలా పట్టుకోవాలని చెప్తాడు. అక్కడ ఆపేయండి. మీరు వ్యాఖ్యానం చేయకండి, టీచర్లకి ఆ జబ్బు ఉంటుంది.

ఇక కొండపల్లి కోటేశ్వరమ్మ గారి ‘నిర్జన వారధి’. 2012లో వచ్చింది, అప్పటికి ఆవిడకి తొంభై దాటాయి. పామర్రులో 1918లో పుట్టారు. నాలుగైదేళ్లకి మేనమామతో పెళ్లి, ఏడేళ్లు నిండకుండానే వైధవ్యం. పెళ్లీ తెలియదు, పోయిన మనిషీ తెలియదు. కమ్యూనిస్టు ఉద్యమం, రెండో పెళ్లి, అజ్ఞాతవాసం, భర్త వదిలిపోవడం, ఇవన్నీ పెద్దయ్యాక చదువుకుంటారులెండి. కానీ ముప్పై దాటిన మనిషి హైదరాబాదు ఆంధ్ర మహిళా సభలో చేరి మెట్రిక్ చదివిన భాగం వదలకండి. ఆ సభ పెట్టిన దుర్గాబాయమ్మకీ ఎనిమిదో ఏటే పెళ్లి చేశారు. నాకొద్దని ఆవిడే తెంచుకున్నారు, తండ్రి అడ్డుపడలేదు. ఆవిడ 1937లో మద్రాసులో మొదలుపెట్టిన సంస్థ తర్వాత్తర్వాత ఈవిడకి అక్కరకొచ్చింది. ఆ చదువుతోనే కోటేశ్వరమ్మ గారు కాకినాడ పాలిటెక్నిక్ ఆడపిల్లల హాస్టల్లో మేట్రన్ అయ్యారు. మా ఉద్యోగానికి అంతకన్నా గొప్ప ఏం చెప్పుకోను!

ఇద్దరమ్మాయిల_అమ్మ:
బేబీ హాల్దార్‌ని ఎవరూ తలవలేదేం? గుర్గావ్‌లో ఇళ్లల్లో పని చేస్తూ తన కథ రాసింది. ఆవిడ పని చేసిన ఇంటాయన ప్రొఫెసరు, ప్రేమ్‌చంద్ మనవడు. నోటుపుస్తకం, కలం ఇచ్చి రాయమన్నది ఆయనే. చిన్నప్పుడే తల్లి చేతిలో పది పైసలు పెట్టి ఇల్లు వదిలి వెళ్లిపోయింది. పన్నెండేళ్లకి పెళ్లంటే, విందు భోజనం దొరుకుతుందని సంబరపడింది.

రిటైర్డ్_మేట్రన్:
కావాలనే తలవలేదమ్మా. ఆ పుస్తకంలోని కాన్పు, దెబ్బలు గదినిండా పిల్లల మధ్య పైకి చదవగూడదని నా పట్టుదల. ఎవరింట్లో ఏం జరుగుతోందో మనకి తెలియదు. అడిగిన పిల్లకి విడిగా ఇవ్వండి, తర్వాత పక్కన కూర్చోండి. తన గురించే రాస్తూ ఒక్కోచోట ‘నేను’ అనడం మానేసి, ‘బేబీ’ అని ఎవరో వేరే పిల్ల గురించి చెప్పినట్టు రాస్తుందావిడ. ఆ చోట్లు చూస్తే నేనెందుకు వద్దంటున్నానో తెలుస్తుంది.

ఇద్దరమ్మాయిల_అమ్మ:
ఒప్పుకోనండీ. ఇంట్లో జరిగేది పుస్తకంలోనూ ఉందని తెలిస్తే, నోరు విప్పే పిల్ల ఒకతైనా ఉంటుంది. దాచిపెట్టేది పెద్దవాళ్ల భయమే.

రిటైర్డ్_మేట్రన్:
నోరు విప్పాక మర్నాడు ఆ పిల్లకి తోడు ఎవరుంటారో చూసుకుని అప్పుడు చదవమంటాను. అంతే తేడా మనకి.

కేజీబీవీ_తెలుగుటీచర్:
నిన్న వంటింటి ఆకు కథ మీరు రాసింది రాసినట్టే ఫోన్లో చూసి చదివాను. ఒక్క దుప్పటీ కదల్లేదు. కానీ ఒక పిల్ల పట్టుకుంది: పుస్తకం చింపితే వాళ్లాయనకి తెలిసిపోదా టీచర్ అని. నా దగ్గర జవాబు లేదు.

రిటైర్డ్_మేట్రన్:
భేష్, ఆ పిల్లకి చెప్పండి. అది ఇప్పటి బైండు పుస్తకం కాదు. అట్టలుగా బొమ్మలు వేసిన చెక్కపలకలు, మధ్యన విడి ఆకులు. చింపే పని లేదు, కట్టు విప్పి ఒకటి లాక్కుంటే సరి.