రాజస్థాన్ ఆరోగ్య హక్కు చట్టం: డాక్టర్లు పోరాడిన పద్ధతి సరైనదేనా?

రాత్రి డ్యూటీ:
మన దగ్గర కూడా ఇలాంటి చట్టం రావాలని కొందరు, వస్తే ఆస్పత్రులకు తాళాలు వేస్తామని కొందరు ఈ గ్రూపులో రెండు రోజులుగా వాదించుకుంటున్నారు కాబట్టి అక్కడ జరిగింది ముందు చెప్తాను. 2023 మార్చి 21న రాజస్థాన్ అసెంబ్లీ ఆరోగ్య హక్కు బిల్లును పాస్ చేసింది. దేశంలో ఇలాంటి చట్టం అదే మొదటిది. గొడవ ముఖ్యంగా ఒక్క మాట దగ్గర వచ్చింది. ఎమర్జెన్సీలో వచ్చిన పేషెంటుకి, ముందు డబ్బు కట్టమనకుండా, ప్రైవేటు ఆస్పత్రి అయినా సరే వైద్యం చేయాలి, ఆ తర్వాత పేషెంటు కట్టలేకపోతే ఆ ఖర్చు ప్రభుత్వం ఇస్తుంది. ఏ రేటున ఇస్తుంది, ఎన్నాళ్ళలో ఇస్తుంది అన్నది మాత్రం తర్వాత వచ్చే నియమాలకు వదిలేశారు.

ప్రైవేటు డాక్టర్లు క్లినిక్కులు మూసి జైపూర్ రోడ్ల మీదికి వచ్చారు, పోలీసులు లాఠీలు, వాటర్ క్యానన్లు వాడారు. రెండు వారాల తర్వాత ఏప్రిల్ 4న ఒప్పందం కుదిరింది. 50 పడకల లోపు మల్టీ స్పెషాలిటీ ఆస్పత్రులకు మినహాయింపు, ప్రభుత్వం నుంచి స్థలం గానీ రాయితీ గానీ తీసుకోని ఆస్పత్రులకూ మినహాయింపు. ఇక మిగిలినవి ప్రైవేటు మెడికల్ కాలేజీలు, పీపీపీ (ప్రభుత్వ, ప్రైవేటు భాగస్వామ్యం) ఆస్పత్రులు, సర్కారు స్థలంలో కట్టినవి.

నేనూ డాక్టర్నే. వ్యతిరేకించడం తప్పు కాదంటాను, అడిగిన కోరికే తప్పు. "మా డబ్బు ఎన్ని రోజుల్లో ఇస్తారో చట్టంలో రాయండి" అని కూర్చోవాల్సింది. మనవాళ్ళు మాత్రం చట్టాన్నే వెనక్కి తీసుకోమని మొదలుపెట్టి, చివరికి "మమ్మల్ని వదిలేయండి" అన్న దగ్గర ఆగారు.

ఇరవై పడకలు:
సర్, మీరు జీతం తీసుకునే డాక్టరై ఉంటారు. నేను చిన్న టౌన్లో ఇరవై పడకల నర్సింగ్ హోమ్ నడుపుతున్నాను. పోయిన సంక్రాంతి ముందు రాత్రి రెండింటికి బైక్ యాక్సిడెంట్ కేసు ఒకటి తెచ్చి స్ట్రెచర్ మీద పడుకోబెట్టి, తెచ్చినవాళ్ళు ఐదు నిమిషాల్లో వెళ్ళిపోయారు. కుర్రాడి జేబులో పగిలిన ఫోన్ తప్ప ఏమీ లేదు. ఎనస్థీషియా ఆయన్ని నిద్ర లేపి రప్పించాను, రెండు యూనిట్ల రక్తం తెప్పించాను, ఆ రాత్రి కరెంటు లేక జనరేటర్ నాలుగు గంటలు తిరిగింది. పిల్లాడు బతికాడు, సంతోషమే. ఎనస్థీషియా ఆయనకి, డీజిల్ బంకు వాడికి మాత్రం నేనే ఇచ్చుకున్నాను. ప్రభుత్వ పథకం కింద చేసిన ఆపరేషన్ల బిల్లులే నెలల తరబడి రావు. ఆరోగ్యశ్రీ బకాయిల కోసం సేవలు ఆపేస్తామని రెండు రాష్ట్రాల్లో ఆస్పత్రులు ఎన్నిసార్లు ప్రకటించాయో మీకు తెలియదా? అలాంటప్పుడు "తర్వాత ఇస్తాం" అన్న మాట నమ్మి ఎవరు సంతకం పెడతారు? జైపూర్ వాళ్ళు రోడ్డెక్కకపోతే ఆ 50 పడకల మినహాయింపు కూడా వచ్చేది కాదు.

పద్మ వాళ్ళమ్మాయి:
నేను డాక్టర్ని కాను. మా నాన్నకి ఛాతీ నొప్పి వచ్చి తీసుకెళ్తే కౌంటర్ దగ్గర డిపాజిట్ కట్టమన్నారు. నా ఫోన్లో ఆ రోజు లిమిట్ అయిపోయింది, పైసలు వెళ్ళట్లేదు. అమ్మ తన గాజులు తీసి కౌంటర్ మీద పెట్టింది. అక్కడున్న అబ్బాయి వాటిని ముట్టుకోలేదు, కానీ ఫైలు కూడా కదల్లేదు. మా బాబాయి వచ్చి కార్డు గీకే దాకా నలభై నిమిషాలు నాన్న వీల్ చైర్లోనే ఉన్నారు. ఏ ఊరు, ఏ ఆస్పత్రి అని చెప్పను. ఇరవై పడకలు గారూ, మీ బాధ నిజమే, మీరు ఆ కుర్రాణ్ణి కాపాడారు, మీకు దండం. కానీ మీ సంఘం తలుపులు మూసిన ఆ రెండు వారాలు బయట నిలబడింది మాలాంటి వాళ్ళే కదా. ప్రభుత్వం మీద కోపం మా మీద ఎందుకు తీర్చుకోవాలి?

రాత్రి డ్యూటీ:
అమ్మా, మీరడిగింది న్యాయం. ఇరవై పడకలు సర్, ఒక విషయం ఆలోచించండి. 1989లోనే పరమానంద్ కటారా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది, ప్రభుత్వ డాక్టరైనా ప్రైవేటు డాక్టరైనా ప్రాణాపాయంలో ఉన్నవాడికి వైద్యం చేయడం బాధ్యత అని. అంటే ఆ రాత్రి మీరు చేసింది ఏ ఆరోగ్య హక్కు చట్టం లేకపోయినా మీ మీద ఉన్న బాధ్యతే. రాజస్థాన్ చట్టం కొత్తగా తెచ్చింది ఆ ఖర్చు సర్కారు ఇస్తుందన్న మాట. మినహాయింపు తెచ్చుకున్న ఆస్పత్రికి బాధ్యత అలాగే ఉంది, పోయింది డబ్బు మాటే! పద్నాలుగు రోజులు దెబ్బలు తిని, మనకి పనికొచ్చే ఆ ఒక్కదాన్నీ వదిలేసుకొచ్చాం.

అప్పుడు వాళ్ళకి టైమ్ కూడా ఉంది. బిల్లు 2022 సెప్టెంబర్లోనే సభకొచ్చి సెలెక్ట్ కమిటీకి (బిల్లును పరిశీలించే ఎమ్మెల్యేల కమిటీ) వెళ్ళింది. ఆ ఆరు నెలల్లో ఓపీలు మాత్రం ఆపి, క్యాజువాలిటీ తెరిచే ఉంచి, నియోజకవర్గానికొకరు ఎమ్మెల్యే ఇంటికి వెళ్ళి, బిల్లుని సమర్థించిన జన్ స్వాస్థ్య అభియాన్ (ప్రజారోగ్య సంఘాల వేదిక) వాళ్ళనీ పక్కన కూర్చోబెట్టుకుని "ముప్పై రోజులు దాటితే వడ్డీతో ఇవ్వాలి" అని అడిగి ఉంటే, కాదనడానికి ప్రభుత్వం దగ్గర ఏం మిగిలేది? పేషెంట్లూ డాక్టర్లూ ఒకే కాగితం మీద సంతకం పెట్టి తెస్తే ఏ ఆరోగ్య మంత్రైనా కంగారు పడతాడు.

ఇరవై పడకలు:
కటారా తీర్పు సంగతి ఇలా ఎప్పుడూ ఆలోచించలేదు, ఒప్పుకుంటాను. కానీ ఎమర్జెన్సీ అంటే ఏమిటో ఎవరు తేలుస్తారు? ఆ చట్టంలో రాసిన యాక్సిడెంటు, పాము కాటు సరే, "అధికారులు నిర్ణయించిన ఇంకేదైనా" అంటే రేపు జ్వరం కూడా వస్తుంది. పైగా మొదటి తప్పుకి పదివేల దాకా, మళ్ళీ చేస్తే పాతికవేల దాకా జరిమానా. ఆ భయంలో మనిషికి కోపం తప్ప ప్లాన్ రాదు సర్. ఇంకో మాట, వాళ్ళు అంత కొట్లాడినా 2023 డిసెంబర్లో ప్రభుత్వం మారే నాటికి నియమాలే నోటిఫై కాలేదు. ఎవరికీ ఏమీ దక్కలేదు.

రాత్రి డ్యూటీ:
అదే నా బాధ. నిర్వచనం గురించి మీరన్నది నూటికి నూరుపాళ్ళూ కరెక్టు, అదీ అడగాలి, జాబితా చట్టంలోనే ఉండాలి. రోడ్డు ప్రమాదాలకి కేంద్రం 2025 మేలో ఏడు రోజులు, లక్షన్నర వరకు క్యాష్‌లెస్ అని నోటిఫై చేసింది చూడండి, పరిధి, మొత్తం, రోజులు ముందే రాశారు. అలా రాయించుకోవచ్చు అనడానికి అదే రుజువు.

ఇరవై పడకలు:
మా బ్రాంచి మీటింగు ఈ ఆదివారం ఉంది. ఆ ముప్పై రోజుల మాట, జాబితా మాట రెండూ నేనే లేవనెత్తుతాను, తిట్లు పడితే పడతాను. అమ్మా, మీకు వీలైతే రండి. ఆ నలభై నిమిషాల సంగతి మావాళ్ళకి మీ నోటితోనే చెప్పండి.

పద్మ వాళ్ళమ్మాయి:
వస్తానండీ. అమ్మని కూడా తీసుకొస్తాను.