'థాన్ షి'ని కఫదోషం అనవచ్చా?

చైనా సంప్రదాయ వైద్యం మీద ఒక వ్యాసం తెలుగు చేస్తున్నాను. రక్తంలో కొవ్వు పెరిగినవాళ్లను అక్కడి వైద్యులు నాలుక, నాడి చూసి వేర్వేరు 'జెంగ్'లుగా, అంటే లక్షణాలను బట్టి గుర్తించే స్థితులుగా, విడదీస్తారు. వాటిలో ఒకటి 'థాన్ షి'. థాన్ అంటే కఫం, షి అంటే తేమ. 'కఫదోషం' అందామనుకుంటున్నా. ఆ రోగుల జన్యువుల్లో తేడాలకు 'జన్యు లోపాలు' సరిపోతుందా?

— కఫం సరే, దోషం వద్దండీ. ఆయుర్వేదంలో కఫం ఒంట్లో ఉండాల్సిందే, వికటిస్తేనే రోగం. థాన్ అలా కాదు. వాళ్ల లెక్కలో తిన్నదాని సారాన్ని ఒళ్లంతా నడిపించేది ప్లీహం. అది చతికిలబడితే నీరు పేరుకుని, చిక్కబడి థాన్ అవుతుంది. అంటే పుట్టుకే రోగం. మామూలు చైనీస్‌లో థాన్ అంటే తెమడే, కానీ వైద్యులు కంటికి కనబడని థాన్ కూడా ఉందంటారు. నాలుక మీద జిగురు పాచి, వేలి కింద జారే నాడి దాని ఆనవాళ్లు. 'కఫదోషం' అని చదవగానే మనవాళ్లు వాతపిత్తాల కోసం వెతుక్కుంటారు. ఆ మూడింటి లెక్క అక్కడ లేదు.

— 'లోపం' మాత్రం ససేమిరా! రక్తంలో కొవ్వును మోసే ప్రోటీన్‌కి సంబంధించిన ఏపీఓఈ జన్యువుకి ఈ2, ఈ3, ఈ4 అని మూడు ముఖ్య రూపాలు. ఈ4 ఉంటే ఎల్‌డీఎల్ (చెడు కొలెస్ట్రాల్) పెరిగే మొగ్గు ఎక్కువ. పైగా మనుషుల్లో పాతది అదే, ఈ3 తర్వాత వచ్చింది. ట్రైగ్లిజరైడ్లను (రక్తంలో మరో రకం కొవ్వు) పెంచే ఏపీఓఏ5 జన్యువు తేడా ఒకటి తూర్పు ఆసియాలో బోలెడంతమందికి ఉంది. అంతమందిలో ఉన్నది లోపమెలా అవుతుంది సార్? ఎల్‌డీఎల్ రిసెప్టర్ (దాన్ని రక్తంలోంచి తీసేసే గ్రాహకం) జన్యువు చెడి కుటుంబాల్లో వచ్చే జబ్బుంది, ఆ మాట దానికి దాచుకోండి. ఇక్కడ 'జన్యు భేదాలు' చాలు.

— ఇంకో చిక్కు. జెంగ్ అంటే రోగం కాదు, ఆ పూటకి రోగి ఉన్న స్థితి. ఇవాళ థాన్ షి అన్న మనిషినే కొన్నాళ్లకు రక్తం గూడుకట్టిన జెంగ్‌లో వేయొచ్చు. జన్యువు పుట్టినప్పటి నుంచీ అదే. అందుకని 'ఫలానా జన్యువు వల్ల థాన్ షి' అని రాయకండి. 'ఆ భేదం ఉన్నవాళ్లలో థాన్ షి ఎక్కువా?' అన్నదే అడగదగ్గ ప్రశ్న.

— నిజమే కానీ, చైనా వైద్యుడు వాంగ్ ఛీ చెప్పిన తొమ్మిది శరీరతత్వాల్లో కూడా థాన్ షి ఉంది. అది త్వరగా మారేది కాదు. జన్యువుతో ముడి వెతకాలంటే నాకు అక్కడే సబబనిపిస్తుంది.

అయితే స్థితికి 'కఫ-తేమ స్థితి', తత్వానికి 'కఫ-తేమ తత్వం' అని విడివిడిగా రాస్తాను. జెంగ్‌కి 'రోగస్థితి' కాస్త బరువుగా ఉంది. చిన్న మాట ఏదైనా తడితే చెప్పండి.